ఇంటర్ పరీక్షలు అయ్యాక నీట్ దాకా: చదువు మీద మనసు నిలబెట్టుకోవడం ఎలా?

ఇంటర్ ఆఖరి పేపర్ రాసి బయటికొచ్చిన సాయంత్రం నుంచి మే మొదటి ఆదివారం జరిగే మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ దాకా మన బైపీసీ పిల్లలకు దొరికేది సుమారు ఆరు వారాలు. రెండేళ్ల చదువులో ర్యాంకును గట్టిగా కదిలించగలిగే కాలం ఇదే. చదువు మీంచి మనసు జారిపోయేదీ ఇప్పుడే. ఎండలు ముదురుతాయి, ఇంట్లో పెళ్లిళ్లు మొదలవుతాయి, రాత్రి ఏడున్నర అయితే ఐపీఎల్, సీఈసీ చదివిన స్నేహితులు సెలవుల్లో ఊళ్లు తిరుగుతుంటారు, ఇవన్నీ చాలవన్నట్టు మధ్యలో ఇంటర్ రిజల్ట్స్ వచ్చిపడతాయి.

ఈ రోజుల్లో పిల్లల నోట ఎక్కువగా వినపడే మాట "చదవాలనిపించడం లేదు". వెంటనే ఫోన్ తీసి ఒక మోటివేషన్ వీడియో చూస్తారు, ఒళ్లు పులకరిస్తుంది, ఇంకోటి చూస్తారు, గంట గడిచిపోతుంది, పుస్తకం తెరిచేసరికి ఆ ఊపు ఉండదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఊపు వచ్చాక చదువుదాం అనుకుంటే అది రాదు. నిన్న చదివింది ఈరోజు గుర్తుందని, పోయిన వారం తప్పు చేసిన లెక్క ఈ వారం వచ్చిందని కళ్లతో చూసినప్పుడు, రేపు కూడా కూర్చోవాలనిపిస్తుంది. కింద చెప్పే పనులన్నీ అందుకే, మీ చదువు ముందుకు కదులుతోందని మీకు మీరే రోజూ చూపించుకోవడానికి. నీట్ పేరుతో రాస్తున్నాను కానీ జేఈఈ, ఈఏపీసెట్ రాసేవాళ్లకూ చాలావరకు ఇవే పనికొస్తాయి, మార్కుల లెక్కలు మాత్రం వేరు. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కదా.

1. ముందు పడుకోండి, తర్వాత కారణం తేల్చుకోండి

పబ్లిక్ పరీక్షల నెలంతా నిద్ర చెడగొట్టుకుని ఉంటారు. ఒకటి రెండు రోజులు పూర్తిగా వదిలేయండి. కాలేజీలో మరుసటి రోజు నుంచే క్లాసులంటే కనీసం రాత్రి నిద్రైనా ఏడు గంటలకు తగ్గనివ్వకండి. అలసటను చాలామంది బద్ధకం అనుకుంటారు, తమను తాము తిట్టుకుంటారు, తిట్టుకుంటే ఇంకా నీరసం.

నిద్ర తీరాక కూడా పుస్తకం ముట్టుకోవాలనిపించకపోతే ఒక కాగితం తీసుకుని "ఏ సబ్జెక్టు? ఏ చాప్టర్? ఏ సమయంలో?" అని రాయండి. చదువంతా ఇష్టం లేదనిపిస్తుంది గానీ, రాసి చూస్తే చాలాసార్లు తేలేది ఒకటే: బయాలజీ బాగానే నడుస్తోంది, ఫిజిక్స్ పుస్తకం పక్కన ఉందంటేనే మనసు పారిపోతోంది. అది బద్ధకం కాదు, భయం. రొటేషనల్ మోషన్ అర్థం కాలేదు, దాన్ని మళ్లీ తెరిస్తే మళ్లీ అర్థం కాదేమోనని భయం. భయానికి మందు ఆ చాప్టర్‌లో అన్నిటికన్నా తేలికైన ఐదు లెక్కలు. అర్థం కాకపోవడానికి మందు లెక్చరర్ దగ్గరికి వెళ్లి అడగడం. "ఇప్పుడు ఇది అడిగితే ఏమనుకుంటారో" అని ఆగేవాళ్లు చాలామంది ఉంటారు, ఆగకండి, ఏప్రిల్‌లో బేసిక్ డౌట్ అడగడంలో ఏ సిగ్గూ లేదు.

అసలు మెడిసిన్ చదవడమే ఇష్టం లేదని తేలితే అది వేరే సంగతి. దాన్ని దాచుకుని ఆరు వారాలు నటించకండి. ఇంట్లో మీ మాట వినే ఒక్కరితో, పిన్నితోనో మామయ్యతోనో అన్నయ్యతోనో, ముందు మాట్లాడండి. బైపీసీతో వెళ్లగలిగే దారులు ఇంకా ఉన్నాయి: అగ్రికల్చర్, వెటర్నరీ, ఫార్మసీ, నర్సింగ్.

2. బ్యాక్‌లాగ్‌ను కాగితం మీదికి దించండి

మనసులో ఉన్న బ్యాక్‌లాగ్ ఎప్పుడూ అసలుకన్నా పెద్దగా కనిపిస్తుంది. "మొత్తం మిగిలిపోయింది" అనిపిస్తుంది. మూడు సబ్జెక్టుల చాప్టర్ల పేర్లన్నీ రాసి పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: ఇప్పుడు పరీక్ష పెట్టినా చేస్తాను, చదివాను కానీ తడబడతాను, ముట్టుకోనేలేదు. గంటలోపు అయిపోయే పని ఇది.

ఇక్కడ చాలామంది "ముట్టుకోనేలేదు" వరస మీద పడిపోతారు. నేనైతే వద్దంటాను. రోజులో ఎక్కువ భాగం "తడబడతాను" వరసకే ఇవ్వండి, ఎందుకంటే సగం పని ఇప్పటికే అయిపోయింది, తక్కువ శ్రమతో ఫలితం కనిపించేది అక్కడే, ఊపు పుట్టేది కూడా అక్కడే. ముట్టుకోని వాటిలో చిన్నవి, సూటిగా ప్రశ్నలు వచ్చేవి ఏరుకోండి. ఫిజిక్స్ అంటే భయపడేవాళ్లకు డ్యూయల్ నేచర్, ఆటమ్స్, న్యూక్లియై, సెమీకండక్టర్స్ మంచి మొదలు, లెక్కలు పొడవుగా ఉండవు, ఫార్ములాలు కొన్నే. ఒకటి రెండు పెద్ద చాప్టర్లు పూర్తిగా వదిలేయాల్సి రావచ్చు. వదిలేయాలని నిర్ణయించుకుంటే వాటిని కొట్టేసి, ఇక వాటి గురించి బాధపడటం కూడా మానేయండి.

బయాలజీ మాత్రం ఏదీ వదలకండి. 180 ప్రశ్నల్లో 90 దానివే, 720 మార్కుల్లో 360. ఇద్దరికి మార్కులు సమానంగా వస్తే ముందు చూసేది కూడా బయాలజీ మార్కులే.

3. రేపు పొద్దున మొదటి పని ఈ రాత్రే రాసిపెట్టండి

రోజు చెడిపోయేది ఎక్కువగా మొదటి అరగంటలో. కూర్చున్నాక ఏం చదవాలో ఆలోచిస్తే, కెమిస్ట్రీ తీసి, వద్దని బయాలజీ తీసి, టైంటేబుల్ మళ్లీ కొత్తగా గీసి, టిఫిన్ గంట కొట్టేస్తుంది. అందుకని రాత్రి పడుకునేముందు చిన్న చీటీ రాయండి. "ఫిజిక్స్ చదవాలి" అని రాస్తే లాభం లేదు. "6 గంటలకు, కరెంట్ ఎలక్ట్రిసిటీ, కిర్కాఫ్ నియమాల లెక్కలు 12" అని రాయండి, ఆ పుస్తకాన్ని ఆ పేజీ దగ్గర తెరిచి టేబుల్ మీద పెట్టి పడుకోండి. పొద్దున ఆలోచించాల్సింది ఏమీ మిగలకూడదు.

కూర్చోవడమే కష్టంగా ఉన్న రోజున, ఇరవై నిమిషాలు మాత్రం చేస్తానని కూర్చోండి. ఆ తర్వాత నిజంగానే లేవాలనిపిస్తే లేవండి. చాలాసార్లు లేవాలనిపించదు, మొదలుపెట్టడంలో ఉన్నంత బరువు కొనసాగించడంలో ఉండదు.

4. చదివింది నిలిచిందో లేదో అక్కడికక్కడే చూసుకోండి

ఒకే చాప్టర్‌ను హైలైటర్‌తో నాలుగోసారి చదువుతుంటే ప్రతి లైనూ తెలిసినట్టే ఉంటుంది, గ్రాండ్ టెస్టులో, అంటే మొత్తం సిలబస్ మీద పెట్టే నమూనా పరీక్షలో, ఆప్షన్లు చూస్తే మాత్రం రెండింటి మధ్య కొట్టుకుంటాం. "ఇంత చదివినా రావట్లేదు" అనే నిరాశ పుట్టేది ఇక్కడే, మనసు విరిగేది దీనివల్లే. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివి, పక్కన పెట్టి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు మాత్రం తమకు బాగా గుర్తుంటుందనే నమ్మకం ఎక్కువగా ఉంది. మన పిల్లల్లో ఎంతమంది ఆ నమ్మకం దగ్గరే మోసపోతున్నారో!

చేతల్లో ఇది ఎలా ఉంటుందంటే, ఎక్స్‌క్రీషన్ చాప్టర్ తీసుకుందాం. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో నెఫ్రాన్ గురించి ఉన్న పేజీలు ఒకసారి శ్రద్ధగా చదవండి. పుస్తకం మూయండి. తెల్ల కాగితం మీద నెఫ్రాన్ బొమ్మ గీయండి, అందంగా రానక్కర్లేదు. గ్లోమెరులస్, బౌమన్ క్యాప్సూల్, పీసీటీ, హెన్లీ లూప్, డీసీటీ, కలెక్టింగ్ డక్ట్ వరసగా పేర్లు రాయండి. ఒక్కోదాని పక్కన అక్కడ ఏం జరుగుతుందో రాయండి. హెన్లీ లూప్ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగుతుంది: కిందికి దిగే భాగం నీటిని పోనిస్తుందా, పైకి వెళ్లేదా? తెలియకపోతే అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్లండి. అంతా అయ్యాక పుస్తకం తెరిచి, వేరే రంగు పెన్నుతో దిద్దండి. దిగే భాగం నీటిని పోనిస్తుంది, ఎక్కే భాగం నీటిని ఆపేసి లవణాలను పోనిస్తుంది. ఇలా ఆగిపోయి దిద్దుకున్న ముక్క, పదిసార్లు గీత గీసిన లైనుకన్నా గట్టిగా నిలుస్తుంది.

ఆ కాగితాన్ని పారేయకండి, తేదీ వేసి ఉంచండి. మూడు రోజుల తర్వాత ఒకసారి, పది రోజుల తర్వాత ఒకసారి కొత్త కాగితం మీద మళ్లీ రాసి పక్కపక్కన పెట్టి చూడండి. రంగు పెన్ను దిద్దుబాట్లు తగ్గుతుంటే, మీరు ఎదుగుతున్నారని చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేదు.

తెలుగు మీడియంలో నీట్ రాసేవాళ్లకు ఒక మాట. ప్రశ్నపత్రంలో తెలుగుతోపాటు ఇంగ్లిష్ కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌లో ఉన్నదే ప్రమాణం. కాబట్టి బొమ్మల్లో పేర్లు రాసేటప్పుడే ఇంగ్లిష్ పదాన్ని కూడా రాసుకుంటూ పోండి. పరీక్ష హాల్లో తెలుగు వాక్యం కాస్త వింతగా అనిపిస్తే పక్కనే చూసుకునే ధైర్యం ఉంటుంది.

5. గ్రాండ్ టెస్టు మార్కులు చూసి ఆగిపోకండి, లోపలికి వెళ్లండి

ఊపు చచ్చిపోయే రోజు ఏదైనా ఉందంటే అది గ్రాండ్ టెస్టు రిజల్ట్ రోజు. గోడ మీద ర్యాంకుల లిస్టు, చుట్టూ మూగిన తలలు, ఆ సాయంత్రం స్టడీ అవర్స్‌లో ఎవరికీ ఏదీ ఎక్కదు. ఆ లిస్టు అతికించే పద్ధతి నాకు ఏమాత్రం నచ్చదు, పైన ఉన్న పదిమందికి తప్ప దానివల్ల ఎవరికీ మేలు జరగదు. దాన్ని ఆపడం మన చేతుల్లో లేదు, పేపర్‌ను ఏం చేయాలనేది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. 180 ప్రశ్నల్లో 165 చేశారు, 110 ఒప్పు, 55 తప్పు, 15 వదిలేశారు. ఒప్పుకు 4 చొప్పున 440, తప్పుకు 1 చొప్పున 55 తీసేస్తే 385. లిస్టులో కనిపించేది ఈ 385 మాత్రమే. ఇప్పుడు ఆ 55 తప్పులను మూడు కుప్పలు చేయండి. తెలిసి కూడా పోగొట్టుకున్నవి 18 అనుకుందాం, చదివి మర్చిపోయినవి 15, అసలు తెలియక గుడ్డిగా పెట్టినవి 22.

తెలిసి పోగొట్టినదాన్ని సరిచేసుకుంటే దక్కేది 4 కాదు, 5 మార్కులు, ఎందుకంటే పోయే 1 కూడా ఆగుతుంది. 18లో సగం, అంటే 9 ఆపగలిగితే 45 మార్కులు. 385 కాస్తా 430 అవుతుంది. కొత్తగా ఒక్క చాప్టర్ కూడా చదవలేదు! మర్చిపోయిన 15లో ఓ ఐదు రివిజన్‌తో వెనక్కి వస్తే ఇంకో 25, మొత్తం 455. గుడ్డిగా పెట్టినవాటి జోలికి వెళ్లకండి. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి 4 వస్తుంది, మూడు పోయి 3 తగ్గుతుంది, మిగిలేది ఒక్క మార్కు, అదీ ఆప్షన్లు మనల్ని పక్కదారి పట్టించకపోతే. గుడ్డిగా పెట్టినవాటికి టెస్టు రాసేటప్పుడే ప్రశ్న పక్కన చుక్క పెట్టుకుంటే, మీకు నిజంగా వచ్చింది ఎంతో తర్వాత తేలిగ్గా తెలుస్తుంది.

తెలిసి పోగొట్టుకున్నవి ఎలా పోయాయో కూడా రాయండి. "సరికానిది గుర్తించండి" అంటే సరైనది గుర్తించడం, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకపోవడం, స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో రెండోది సగమే చదవడం, జవాబులు దిద్దే ఓఎంఆర్ షీటులో ఒక గడి జారిపోయి అక్కణ్నుంచి అన్నీ తప్పు దిద్దడం. ప్రతి ఒక్కరికీ తమదైన ఒకటి రెండు తప్పులు ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. దీనికోసం ఒక నోటు పెట్టుకోండి: ప్రశ్న ఏ చాప్టర్‌ది, నేనేమనుకున్నాను, అసలేంటి, మళ్లీ ఏ రోజు చేసి చూడాలి. మూడు గంటల పేపర్‌కు మరో మూడు గంటలు ఈ పనికే పోయినా ఫరవాలేదు. టెస్టుల మీద టెస్టులు రాసి ఒక్కదాన్నీ తిరిగి చూడని పిల్లలు ఎక్కువగా అలిసిపోతారు, మార్కులు అక్కడే తిరుగుతుంటాయి, ఇక లాభం లేదని వాళ్లే తేల్చేసుకుంటారు.

వచ్చే టెస్టుకు లక్ష్యం మార్కుల్లో పెట్టుకోకండి. "తెలిసి పోగొట్టేవి 18 నుంచి 12కి దించాలి" అని పెట్టుకోండి. పేపర్ కష్టంగా వచ్చినా ఆ లక్ష్యం మీ చేతిలోనే ఉంటుంది.

6. మధ్యాహ్నం 2 నుంచి 5: ఈ మూడు గంటలను కాపాడుకోండి

నీట్ జరిగేది మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. మన ఇళ్లలో ఏప్రిల్ నెలలో అది భోంచేసి కునుకు తీసే సమయం. రాత్రి రెండింటిదాకా చదివి మధ్యాహ్నం పడుకునే అలవాటుంటే, పరీక్ష రోజు సరిగ్గా ఆ వేళకే బుర్ర మొరాయిస్తుంది. ఈరోజు నుంచే 2 నుంచి 5 దాకా పెన్ను చేతిలో ఉండే పని పెట్టుకోండి, ఫిజిక్స్ లెక్కలో పాత పేపరో. భోజనం ఒంటి గంటలోపు, కాస్త తేలిగ్గా, పెరుగన్నం ఎక్కువైతే నిద్ర ఆగదని మీకే తెలుసు. కునుకు కావాలంటే 5 తర్వాత ఇరవై నిమిషాలు.

7. ఫోన్, క్రికెట్, పెళ్లిళ్లు

ఫోన్ పక్కన పెట్టుకుని చూడకుండా ఉంటాననే పంతం వద్దు, అమ్మకిచ్చేయండి, లేదా చదివే గది దాటించండి. ఆన్‌లైన్ క్లాసుల కోసం తప్పదంటే వాటి టైం అయ్యాక ఇచ్చేయండి. ఐపీఎల్ పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకున్నవాళ్లు మూడో రోజు మొత్తం మ్యాచ్ చూసేస్తారు. రాత్రి భోజనం చేస్తూ కాసేపు చూసి లేవడం తేలిక. సొంత అక్క పెళ్లయితే వెళ్లండి, సంతోషంగా వెళ్లండి, ఒక రోజు పోతుంది అంతే. దూరపు బంధువుల పెళ్లికి మాత్రం అమ్మానాన్నల్ని పంపించి ఊరుకోండి.

8. పక్కవాడి మార్కులు, ఇంటర్ రిజల్ట్స్, కటాఫ్ కబుర్లు

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వస్తాయి. ఎక్కువొస్తే ఫోన్లు, స్వీట్లు, తక్కువొస్తే ఓదార్పులు, రెండింటివల్లా రెండు మూడు రోజులు పోతాయి. నీట్ ర్యాంకులో ఇంటర్ మార్కులు కలపరు. ఆ రోజు సాయంత్రం దాకా సంతోషమో బాధో పడండి, మరుసటి పొద్దున చీటీలో రాసిన పని మొదలుపెట్టండి.

"ఈసారి 600 దాటకపోతే సీటు రాదట" లాంటి కబుర్లకు చెవి ఇవ్వకండి. 2024లో 720కి 720 తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మరుసటి ఏడాది, 2025లో, ఫిజిక్స్ చాలా కష్టంగా వచ్చింది, దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థి మార్కులే 686. మార్కులు పేపర్‌ను బట్టి మారుతాయి, పోయినేడు లెక్కలు పట్టుకుని ఇప్పుడు గుండెలు బాదుకోవడం అనవసరం.

9. ఏమీ చేయబుద్ధికాని రోజుకు ఒక కనీస పని

ఆరు వారాల్లో అలాంటి రోజులు తప్పకుండా వస్తాయి. ఆ రోజు కోసం ముందే ఒక చిన్న పని రాసి పెట్టుకోండి, ఉదాహరణకు బయాలజీ ప్రశ్నలు 45, తప్పుల నోటులో ఒక పేజీ, అంతే. అది చేసి లేచి నడవండి, తలస్నానం చేయండి, స్నేహితుడితో మాట్లాడండి. రోజు పూర్తిగా ఖాళీగా పోయిందనే బాధే మరుసటి రోజును కూడా తినేస్తుంది, ఈ చిన్న పని దాన్ని ఆపుతుంది. నిన్న మిగిలినదంతా ఈరోజు టైంటేబుల్‌లో కుక్కకండి. అందుకే వారంలో ఒక పూట ఖాళీగా ఉంచుకోవాలి, మిగిలినవి అక్కడికి తోసేయండి.

లాంగ్ టర్మ్ తీసుకున్నవాళ్ల, అంటే ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి మళ్లీ నీట్‌కు చదివేవాళ్ల, కష్టం ఇంకాస్త వేరు. తోటివాళ్లు కాలేజీ ఫొటోలు పెడుతుంటారు, వీళ్లు అదే పుస్తకం, అదే హాస్టల్ గది. పోయినేడు రాని చాప్టర్ ఈ ఏడు వచ్చిందా లేదా అన్న ఒక్క కొలత పెట్టుకోండి, మిగతావాళ్లతో పోలిక పెట్టుకోకండి. హాస్టల్లో రోజుకు ఒక్కసారైనా చదువు ఊసు లేకుండా మాట్లాడుకునే తోడు ఒకరుండాలి.

అమ్మానాన్నలు ఇది చదువుతుంటే ఒక విన్నపం. ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటి ప్రశ్న "ఈ వారం ఎన్ని మార్కులు?" అని ఉండనివ్వకండి. తిన్నావా, నిద్ర పట్టిందా అని అడగండి. ఎంత ఖర్చు పెట్టామో గుర్తుచేయకండి, వాళ్లకు తెలుసు, రాత్రుళ్లు దాని గురించే ఆలోచిస్తుంటారు.

ఒకటి మాత్రం టైంటేబుల్‌తో తీరేది కాదు. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, బతకాలనిపించడం లేదనే ఆలోచన, వీటిలో ఏది ఉన్నా చదువు పక్కన పెట్టి ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మీ గదిలో స్నేహితుడు అలాంటి మాట అంటే తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి, వార్డెన్‌కో వాళ్లింటికో ఆ క్షణమే చెప్పండి.

10. ఆఖరి వారం

కొత్త చాప్టర్లు ఆపేయండి. తప్పుల నోటు, తేదీలు వేసిన కాగితాలు, ఫార్ములాల పేజీలు, బయాలజీ ఎన్‌సీఈఆర్‌టీ, ఇంతే. చివరి గ్రాండ్ టెస్టు పరీక్షకు మూడు నాలుగు రోజుల ముందే ముగించండి, ముందురోజు రాసి మార్కులు తగ్గితే దిద్దుకునే సమయం ఉండదు, బెంగ మాత్రం మిగులుతుంది. సెంటర్ ఎక్కడో ముందే ఒకసారి చూసి రండి. పరీక్ష రోజు ఒకటిన్నర దాటితే లోపలికి రానివ్వరు, పొట్టి చేతుల చొక్కా, మామూలు చెప్పులు వేసుకెళ్లండి, అడ్మిట్ కార్డులో రాసిన నియమాలు ముందురాత్రే చదివి అన్నీ ఒక కవర్‌లో పెట్టుకోండి.

హాల్లో కూర్చున్నాక మీకు బాగా వచ్చిన సబ్జెక్టుతో మొదలుపెట్టండి, చాలామందికి అది బయాలజీయే. ఫిజిక్స్‌లో వరసగా మూడు ప్రశ్నలు రాకపోతే కంగారుపడి పెన్ను ఆపకండి, ప్రశ్న నంబరు పక్కన చుక్క పెట్టి నాలుగోదానికి వెళ్లండి, మీకు కష్టమైన పేపర్ ఆ గదిలో అందరికీ కష్టమే. ఐదింటికి బయటికి వచ్చాక కీ చూడకుండా ఇంటికెళ్లి ముందు అన్నం తినండి.